పాము కోర నుంచి మలేరియా మందు వస్తుందా?

వానాకాలం మొదలైతే మన పల్లెల్లో రెండు ప్రమాదాలు ఒకేసారి పెరుగుతాయి. చేలగట్ల మీద పాములు తిరుగుతాయి. నిలిచిన నీళ్ళలో దోమలు పుడతాయి. వరి నాట్లు వేసే కూలీ, గొడ్లు కాసే పిల్లవాడు, మన్యంలో పోడు చేసుకునే గిరిజనుడు – ఈ రెండిటికీ మొదట చిక్కేది వీళ్ళే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల దాదాపు 12 లక్షల మంది, అంటే సగటున ఏడాదికి 58,000 మంది, చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక మలేరియా సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా 26.3 కోట్ల మలేరియా కేసులు వచ్చాయి, 5.97 లక్షల మంది చనిపోయారు. మృతుల్లో అత్యధికులు ఆఫ్రికాలోని అయిదేళ్ళ లోపు పిల్లలు.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు పెద్దలు. మరి పాము విషంతో మలేరియాను తీయవచ్చా? "పాము విషంలో మలేరియాకు మందు" అనే వార్త కొన్నేళ్ళకొకసారి పత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ వార్తలు అబద్ధాలు కావు. అలాగని పూర్తి నిజాలూ కావు. ఆ వార్తల్లో నిజం ఎంతో తేల్చుకోవాలంటే వాటి వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర తెలియాలి.

తెలుగునేల మీద రెండు అధ్యాయాలు

పాములకు, మలేరియాకు సంబంధించిన శాస్త్ర చరిత్రలో రెండు ముఖ్యమైన అధ్యాయాలు తెలుగునేల మీదే నడిచాయి. మొదటిది విశాఖపట్నంలో. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు 1780ల్లో అక్కడ ఉంటూ కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. వాటి బొమ్మలు వేయించాడు. ఏ పాము విషం కలది, ఏది కాదు అని తేల్చడానికి కోళ్ళ మీద, కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఆయన గ్రంథం మొదటి భాగం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే రోమన్ అక్షరాల్లో రాసుకున్నాడు. మనం రక్తపింజరి అనే పాముకు ఆయన పుస్తకంలో ఉన్న పేరు "కాటుక రేకుల పొడ". తరువాత ఆ పాము ఇంగ్లీషులో రసెల్ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. ఆయన రాసుకున్న "బంగారు పాము" అనే పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి "బంగారస్" అనే శాస్త్రీయ నామం వచ్చింది.

రెండవ అధ్యాయం జరిగింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని చూశాడు. ఎర్ర రక్తకణాల్లో దాగిన ఆ జీవిలో నల్లటి రేణువులు ఉంటాయి. అయితే అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతోందో తెలియలేదు. రొనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన మచ్చల రెక్కల దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. గోడకు అంటుకొని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో అవే నల్లటి రేణువులు! వీటినే మనం ఇప్పుడు ఊసిస్టులు అంటున్నాం. దోమ కడుపు గోడ మీది ఈ బొడిపెలలోనే పరాన్నజీవి వేల సంఖ్యలో పెరిగి, తరువాత దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి రాస్ ఈ చక్రాన్ని పూర్తిచేశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సికింద్రాబాద్‌లో కనిపించిన ఈ బొడిపెలను గుర్తు పెట్టుకోండి. ఒక శతాబ్దం తరువాత వీటి దగ్గరికే పాము విషం వచ్చి చేరుతుంది.

కడిగితే పగలని కణాలు

రాస్‌కు నోబెల్ వచ్చిన ఆ 1902లోనే అమెరికాలో సైమన్ ఫ్లెక్స్నర్, హిడెయో నొగూచి అనే ఇద్దరు పరిశోధకులు పాము విషం ఎర్ర రక్తకణాలను ఎలా పగలగొడుతుందో పరీక్షించారు. రక్తంలో విషం కలిపితే కణాలు పగిలి, ఎర్రటి హిమోగ్లోబిన్ బయటకు వస్తుందని అప్పటికే తెలుసు. వారు ఒక చిన్న మార్పు చేశారు. ఎర్రకణాలను ఉప్పునీటితో బాగా కడిగి, వాటిని అంటిపెట్టుకున్న సీరాన్ని పూర్తిగా తొలగించారు. సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే పసుపుపచ్చని ద్రవం. అలా కడిగిన కణాలకు విషం కలిపితే అవి ఒకదానికొకటి అతుక్కున్నాయే గాని పగలలేదు. మళ్ళీ కొంచెం సీరం చేర్చగానే పగిలిపోయాయి. అంటే విషం ఒంటరిగా పనిచేయడం లేదు. సీరంలోని ఏదో పదార్థం దానికి తోడ్పడుతోంది.

ఆ పదార్థం ఏది? జర్మనీలో పాల్ ఎర్లిఖ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ప్రెస్టన్ కైస్, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం ఈ పని చేయగలదని నాగుపాము విషంతో చూపాడు. తరువాత కొన్నేళ్ళకు పారిస్ పాశ్చర్ సంస్థలో దెలెజెన్ బృందం అసలు రసాయన చర్యను వెలికితీసింది. లెసిథిన్ అణువుకు రెండు తోకలు ఉంటాయి. విషంలోని ఒక ఎంజైము అందులో ఒక తోకను కత్తిరించేస్తుంది. మిగిలిన ముక్క పేరు లైసోలెసిథిన్. మన కుంకుడు రసం జిడ్డును విడగొట్టినట్టు ఇది కణపు పొరలోని కొవ్వును విడగొడుతుంది. పొర చిల్లుపడి కణం పగిలిపోతుంది. కత్తెరలాంటి ఆ ఎంజైమునే ఇప్పుడు ఫాస్ఫోలిపేజ్ ఎ2 అంటున్నాం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి – మన దేశపు ప్రధాన విషసర్పాలన్నిటిలో ఈ కుటుంబపు ఎంజైములు ఉన్నాయి. తేనెటీగ విషంలోనూ ఉంది. అంతెందుకు, తిన్న కొవ్వును జీర్ణం చేయడానికి మన క్లోమగ్రంథి కూడా ఇదే కుటుంబపు ఎంజైమును తయారుచేస్తుంది. అది విషం కాదు.

పాము విషం ఒకే పదార్థం కాదనీ, అనేక ప్రోటీన్ల మిశ్రమమనీ ఈ పరిశోధనలతో స్పష్టమైంది. మిశ్రమంలోంచి ఒక్కొక్క దాన్ని శుద్ధంగా విడదీయడం తరువాతి మెట్టు. జర్మనీ నుంచి బ్రెజిల్‌కు వలస వెళ్ళిన కార్ల్ స్లోటా, హైంజ్ ఫ్రెంకెల్ కాన్రాట్‌తో కలిసి 1938లో సావో పాలో నగరంలోని బుటాంటాన్ సంస్థలో గిలకపాము విషం నుంచి క్రోటాక్సిన్ అనే పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. స్ఫటికరూపంలో దొరికిన మొదటి పాము విషపదార్థం అదే. గిలకపాము మన దేశంలో ఉండదు. అమెరికా ఖండాల్లో ఉండే ఈ పాము తోక చివరి పెంకులను ఆడించి గిలక్కాయలా చప్పుడు చేస్తుంది.

విషం మందుగా మారిన దారి

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. విషంలోంచి నిజంగా మందు తయారైన సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది కాప్టోప్రిల్ అనే రక్తపోటు మందు. దాని చరిత్ర కూడా బ్రెజిల్‌లోనే మొదలైంది.

జరరాకా అనే అక్కడి పింజరి జాతి పాము కరిస్తే మనిషి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఎందుకు? ఆ విషం రక్తంలోని ఒక ప్రోటీను నుంచి బ్రాడికైనిన్ అనే చిన్న పెప్టైడును విడుదల చేయిస్తుందనీ, అది రక్తనాళాలను సడలిస్తుందనీ 1949లో రోషా ఎ సిల్వా, బెరాల్డో, రోజెన్‌ఫెల్డ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. రోషా ఎ సిల్వా శిష్యుడు సెర్జియో ఫెరేరా 1965లో మరో విశేషం కనుగొన్నాడు. ఆ విషంలోనే బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచే పెప్టైడులు కూడా ఉన్నాయి. వాటిని ఆయన లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకువెళ్ళాడు. రక్తపోటును పెంచే హార్మోను తయారీకి అవసరమైన ఒక ఎంజైమును ఈ పెప్టైడులు అడ్డుకుంటాయని తేలింది. అమెరికాలోని స్క్విబ్ కంపెనీ శాస్త్రజ్ఞులు కుష్‌మన్, ఒండెట్టి వాటిలో ఒకదాన్ని మందుగా పరీక్షించారు. అది పనిచేసింది. కాని మింగితే జీర్ణమైపోతుంది, ఇంజక్షనుగానే ఇవ్వాలి. అందుకని ఆ ఎంజైములో పెప్టైడు ఎక్కడ, ఎలా అతుక్కుంటుందో ఊహించి, అక్కడ సరిపోయే ఒక చిన్న రసాయన అణువును వారు కొత్తగా రూపొందించారు. అదే కాప్టోప్రిల్. దాని వివరాలు 1977లో వెలువడ్డాయి. 1981లో అమెరికాలో వాడకానికి అనుమతి వచ్చింది.

కాప్టోప్రిల్ మాత్రలో పాము విషం రవ్వంత కూడా ఉండదు. విషం ఇచ్చింది ఒక ఆచూకీ మాత్రమే. శరీరంలో ఏ తాళం దగ్గర చెయ్యి పెట్టాలో అది చూపింది; తాళంచెవిని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన టైరోఫిబాన్ అనే గుండెజబ్బు మందు కథా ఇటువంటిదే. మన దేశంలో కూడా ఉండే, పొలుసులను రాపాడించి రంపంలా చప్పుడు చేసే చిన్న పింజరి జాతి విషంలో ఎకిస్టాటిన్ అనే ప్రోటీను ఉంది. రక్తం గడ్డకట్టకుండా అది ఎలా చేస్తుందో తెలుసుకొని, దాన్ని అనుకరిస్తూ టైరోఫిబాన్‌ను తయారుచేశారు. ఆచూకీ నుంచి మందు దాకా వెళ్ళాలంటే ముందు ఒక సంగతి తేలాలి: విషం ఏ పని, ఎక్కడ, ఎలా చేస్తోంది?

మలేరియాకు కొత్త మందు ఎందుకు?

మలేరియాకు మందులు లేక కాదు. సింకోనా చెట్టు బెరడు నుంచి 1820లో పారిస్‌లో క్వినైన్‌ను వేరుచేశారు. 1934లో జర్మనీలో క్లోరోక్విన్ తయారైంది. చవకైనది, మాత్రగా మింగదగినది. కాని 1950ల చివరికే ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన పరాన్నజీవి దానికి లొంగకుండా పోవడం ఆగ్నేయాసియాలోనూ, దక్షిణ అమెరికాలోనూ కనిపించింది. 1972లో చైనాలో తు యూయూ బృందం మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క నుంచి ఆర్టెమిసినిన్‌ను వేరుచేసింది. ఆ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆర్టెమిసినిన్ మందులకు కూడా పరాన్నజీవి నెమ్మదిగా లొంగుతున్న సూచనలు 2008–09 ప్రాంతంలో పశ్చిమ కంబోడియాలో బయటపడ్డాయి. 2020, 2021 సంవత్సరాల్లో తూర్పు ఆఫ్రికా నుంచి, రువాండా, ఉగాండాల నుంచి, ఇటువంటి నివేదికలే వచ్చాయి. అంటే ఒక మందు చేజారేలోగా మరొకటి సిద్ధంగా ఉండాలి. అందుకే శాస్త్రజ్ఞులు చెట్ల బెరళ్ళు, సముద్రపు స్పాంజీలు, పాము కోరలు – దేన్నీ వదలకుండా వెతుకుతున్నారు.

ఇటువంటి వెతుకులాటకు వీలు కల్పించిన ఘట్టం 1976లో వచ్చింది. అంతవరకు ఫాల్సిపారంను ప్రయోగశాలలో ఎడతెగకుండా పెంచడం ఎవరికీ చేతకాలేదు. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సెన్ దాన్ని మానవ ఎర్రకణాల్లో పెంచే పద్ధతిని కనుగొన్నారు. పోషక ద్రవం, తక్కువ ఆక్సిజన్, శరీర ఉష్ణోగ్రత – వీటితోపాటు ఆ ద్రవంలో మానవ సీరం కూడా కలపాలి. ఆ తరువాత ఏ పదార్థాన్నయినా పాత్రలో చుక్క వేసి, పరాన్నజీవి పెరుగుదల ఆగిందో లేదో చూడటం సాధ్యమైంది. ఆ సీరమే తరువాత విషం కథలో కీలకమైంది.

చంపింది ఎవరు?

పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో క్రిస్టియాన్ దెరెన్యోకూర్, జోసెఫ్ ష్రెవెల్ ఫాస్ఫోలిపేజ్ ఎ2 ఎంజైములను ఈ విధంగా పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించారు. పాములు, తేనెటీగల విషాల నుంచి వచ్చినవి, క్లోమగ్రంథి నుంచి వచ్చిన విషం కానివి – అన్నీ పరాన్నజీవులను చంపాయి. విషపు ఎంజైముల శక్తి మరీ ఆశ్చర్యకరం. పెరుగుదలను సగానికి తగ్గించడానికి కావలసిన గాఢత 1.1 నుంచి 200 పికోమోలార్లు మాత్రమే. ఒక పికోమోలార్ అంటే లీటరు ద్రవంలో ఒక మోల్‌లో లక్ష కోట్ల వంతు. విషం కాని ఎంజైములకు దీనికన్నా ఎన్నో వందల, వేల రెట్ల గాఢత కావలసివచ్చింది.

ఇంతవరకే చదివితే "పాము విషం మలేరియాను పికోమోలార్లలో చంపేస్తుంది" అనే శీర్షిక పెట్టవచ్చు. కాని వారు అక్కడితో ఆగలేదు. ఎంజైము నేరుగా పరాన్నజీవిని చంపుతోందా, లేక ఇంకేమైనా జరుగుతోందా అని ప్రశ్నించుకున్నారు. తేనెటీగ ఎంజైముతో, పంది క్లోమ ఎంజైముతో ముందుగా సీరం మీద చర్య జరిపించి, ఆ సీరాన్ని పరాన్నజీవులకు ఇచ్చి చూశారు. పరాన్నజీవుల పెరుగుదల ఆగిపోయింది! ఎంజైము కత్తిరించింది పరాన్నజీవి పొరను కాదు. పెంపక ద్రవంలో ఉన్న సీరంలోని కొవ్వులను. కొవ్వులను మోసుకుపోయే లైపోప్రోటీన్ల మీద ఎంజైము పనిచేయగా ఏర్పడిన పదార్థాలే పరాన్నజీవికి ప్రాణాంతకమయ్యాయి. తేనెటీగ ఎంజైముతో మారిన సీరం, పరాన్నజీవి 48 గంటల జీవనచక్రంలో 19వ గంట నుంచి 26వ గంట మధ్య దశలోనే దెబ్బతీసింది. పంది క్లోమ ఎంజైముతో మారిన సీరం ఏ దశలోనైనా చంపింది.

ఇది 1902 నాటి సంగతినే గుర్తుచేస్తుంది. అప్పుడు ఎర్రకణం పగలడానికి సీరం కావలసివచ్చింది. ఇప్పుడు ఎర్రకణంలోని పరాన్నజీవి చావడానికీ సీరమే కావలసివచ్చింది. ఫ్లెక్స్నర్, నొగూచి కణాలను కడగకపోయినా, పారిస్ పరిశోధకులు సీరాన్ని విడిగా పరీక్షించకపోయినా, రెండు సందర్భాల్లోనూ కారణాన్ని పొరబడే అవకాశం ఉండేది.

ఈ తేడా మందు తయారీకి ఎందుకు ముఖ్యం? పరాన్నజీవిలో మాత్రమే ఉండే ఒక భాగాన్ని విషం దెబ్బతీస్తుంటే, కాప్టోప్రిల్ దారిలో దానికి సరిపోయే చిన్న అణువును తయారుచేయవచ్చు. కాని అది రోగి రక్తంలోని కొవ్వులనే మార్చి పనిచేస్తుంటే, ఆ మార్పు పరాన్నజీవితో ఆగదు. ఈ ఎంజైములలో కొన్ని నరాలను, కండరాలను కూడా దెబ్బతీస్తాయి. పైగా ఇవి ప్రోటీన్లు. మింగితే పప్పులోని ప్రోటీనులాగే జీర్ణమవుతాయి. ఇంజక్షనుగా ఇస్తే శరీరం వాటికి ప్రతిదేహాలను తయారుచేస్తుంది. మలేరియాతో చనిపోయేవారిలో ఎక్కువమంది ఆస్పత్రికి దూరంగా ఉండే పసిపిల్లలు. వారికి కావలసింది చవకైన మాత్ర.

అయినా ఆ ప్రయోగం వృథా కాలేదు. మన శరీరం తయారుచేసే ఫాస్ఫోలిపేజ్ ఎ2 ఎంజైములను 2015లో పరీక్షిస్తే వాటిలో కొన్ని కూడా పెంపకంలోని ఫాల్సిపారంను అడ్డుకున్నాయి. మలేరియా వచ్చినప్పుడు మన శరీరం ఎలా పోరాడుతుందనే విషయంలో పరిశోధనకు ఒక కొత్త దారి ఇలా దొరికింది.

మళ్ళీ దోమ కడుపులోకి

ఇక సికింద్రాబాద్ బొడిపెల దగ్గరికి వద్దాం. 2001లో అమెరికాలో హెల్గె జీలర్, సహపరిశోధకులు విషాన్ని వేరే చోట ప్రయోగించారు. మలేరియా సోకిన కోడి రక్తంలో గిలకపాము విషం నుంచి తీసిన ఫాస్ఫోలిపేజ్ ఎ2 కలిపి దోమలకు తాగించారు. దోమల కడుపు గోడ మీద ఊసిస్టులు ఏర్పడటం ఆగిపోయింది. మనిషికి వచ్చే ఫాల్సిపారంతో చేసినా అదే ఫలితం. ఇతర పాముల ఎంజైములు, తేనెటీగ ఎంజైము కూడా ఇలాగే పనిచేశాయి.

ఇక్కడ కూడా ఎలా అనే ప్రశ్న వేశారు. ఎంజైము కత్తిరించే శక్తిని ఒక రసాయనంతో శాశ్వతంగా పోగొట్టి చూశారు. అయినా ఊసిస్టులు ఏర్పడలేదు! పారిస్ ప్రయోగంలో కత్తెర పనే ప్రధానం. ఇక్కడ కత్తెరతో పనే లేదు. పరాన్నజీవి మీద దీని ప్రభావం నేరుగా ఏమీ లేదని కూడా తేలింది. ఈ ప్రోటీను దోమ కడుపు లోపలి గోడకు అంటుకొని, పరాన్నజీవి అక్కడ అతుక్కోకుండా అడ్డుపడుతోందని వారు నిర్ణయించారు. చోటు ముందే నిండిపోయిన బస్సులో కొత్తవారు ఎక్కలేనట్టన్నమాట.

దీనితో ఆలోచన మారింది. విషపు ప్రోటీనును మనిషికి ఇవ్వడమెందుకు, దోమకే ఇస్తే సరిపోదా? 2002లో మార్సెలో జాకబ్స్ లొరెనా బృందం తేనెటీగ ఫాస్ఫోలిపేజ్ జన్యువును ఎనాఫిలిస్ స్టెఫెన్సీ దోమలో ప్రవేశపెట్టింది. మన నగరాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, సిమెంటు తొట్లలో పెరిగి మలేరియాను వ్యాపింపజేసే దోమ ఇదే. రక్తం తాగగానే దోమ కడుపులో ఆ ప్రోటీను తయారయ్యేటట్టు ఏర్పాటు చేశారు. ఎలుకల మలేరియా పరాన్నజీవితో పరీక్షిస్తే ఊసిస్టులు సగటున 87 శాతం తగ్గాయి. కాని చిక్కు ఒకటి వచ్చింది. ఈ జన్యువున్న దోమల సంతానోత్పత్తి శక్తి తగ్గిందని 2004లో తేలింది. అటువంటి దోమలను బయట వదిలితే మామూలు దోమల పోటీకి నిలవలేక కొద్ది తరాల్లో కనుమరుగవుతాయి. అందుకని 2012లో అదే బృందం మరో దారి పట్టింది. దోమ కడుపులో సహజంగా ఉండే ఒక బాక్టీరియా చేత మలేరియాను అడ్డుకునే ప్రోటీన్లను తయారుచేయించింది. వాటిలో కత్తిరించే శక్తి లేకుండా మార్చిన ఫాస్ఫోలిపేజ్ ఒకటి. తేలు విషం నుంచి వచ్చిన స్కార్పీన్ మరొకటి. ప్రయోగశాలలో పరాన్నజీవి వృద్ధి 98 శాతం దాకా తగ్గింది. ఇవన్నీ ప్రయోగశాలలో, అదుపులో ఉన్న దోమల మీద వచ్చిన ఫలితాలని మరవకూడదు.

సోకిన కణాన్ని గుర్తుపట్టే పెప్టైడు

మనిషికిచ్చే మందు ఆశ పూర్తిగా పోయిందా? లేదు. 2016లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు క్రోటమిన్ అనే మరో పదార్థం గురించి రాశారు. ఇది కూడా గిలకపాముదే. 42 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. కత్తిరించే ఎంజైము కాదు. కణాల లోపలికి చొచ్చుకుపోయే గుణం కలది. దీనికి మెరిసే రంగు తగిలించి ఎర్రకణాల మీద వేస్తే, మలేరియా సోకిన కణాల్లోకే వెళ్ళింది. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో దాని జాడ కనిపించలేదు. పరాన్నజీవిలోని ఆమ్లపు గదుల సమతుల్యాన్ని అది చెడగొడుతున్నట్టు ఆధారాలు దొరికాయి. లావెరాన్, రాస్ చూసిన నల్లటి రేణువులు తయారయ్యేది కూడా ఇటువంటి ఒక ఆమ్లపు గదిలోనే. పరాన్నజీవి అక్కడ హిమోగ్లోబిన్‌ను అరిగించుకొని, మిగిలిన వ్యర్థాన్ని రేణువులుగా పోగుచేస్తుంది. క్లోరోక్విన్ దెబ్బతీసేది కూడా అక్కడే.

అయితే కొలత కూడా చూడాలి. క్రోటమిన్‌తో పరాన్నజీవి పెరుగుదల సగానికి తగ్గడానికి 1.87 మైక్రోమోలార్ల గాఢత కావలసివచ్చింది. క్లోరోక్విన్‌కు లొంగే పరాన్నజీవుల మీద క్లోరోక్విన్ కొన్ని పదుల నానోమోలార్లలోనే, అంటే దాదాపు నూరు రెట్లు తక్కువ గాఢతలోనే, ఆ పని చేస్తుంది. క్రోటమిన్‌ను ఉన్నదున్నట్టుగా మందుగా వాడాలని ఆ శాస్త్రజ్ఞులు కూడా చెప్పలేదు. సోకిన కణాన్ని గుర్తుపట్టే దాని గుణాన్ని అనుకరించే చిన్న అణువులను తయారుచేయవచ్చని సూచించారు. అంటే వారు చూపిన దారి కాప్టోప్రిల్ నడిచిన దారే.

వార్త చదివేటప్పుడు

పాము విషం నుంచి తయారైన మలేరియా మందు ఈనాటికీ ఒక్కటి కూడా వాడుకలో లేదు. ఫెరేరా పెప్టైడుల నుంచి కాప్టోప్రిల్‌కు అనుమతి వచ్చేదాకా 16 ఏళ్ళు పట్టింది. అది కూడా దెబ్బ తగిలే చోటు స్పష్టంగా తెలిశాక. మలేరియా విషయంలో ఆ చోటు కోసమే వెతుకులాట ఇంకా సాగుతోంది.

మీలో సైన్సు చదివేవారు ఇటువంటి వార్త కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. పరీక్ష ఎక్కడ జరిగింది – గాజు పాత్రలోనా, దోమలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంత మోతాదులో పనిచేసింది, ఇప్పుడున్న మందుతో పోలిస్తే అది ఎంత? చంపింది ఆ పదార్థమేనా, లేక దాని పక్కనున్న మరొకటా? మూడవ ప్రశ్నకు సమాధానం సాధారణంగా వార్తలో ఉండదు. పరిశోధనా పత్రంలో వెతకాలి.

ఈలోగా ఊళ్ళో ఎవరికైనా చలిజ్వరం వస్తే చేయవలసిన పని మారలేదు. వెంటనే రక్తపరీక్ష చేయించాలి. మలేరియా అని తేలితే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. సగంలో ఆపిన మందు పరాన్నజీవులను పూర్తిగా చంపదు. మందుకు లొంగని వాటికి మిగిలే అవకాశం ఇస్తుంది. పాము కరిస్తే మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకుండా, విషానికి విరుగుడు సీరం ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. అక్కడ ఎక్కించే ఆ విరుగుడు కూడా, గుర్రాలకు కొద్దికొద్దిగా పాము విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసినదే. మలేరియా విషయంలో ఇంకా మాట దగ్గరే ఉన్న విషం, పాముకాటు దగ్గర మాత్రం రోజూ ప్రాణాలు నిలుపుతోంది.